ఆ పదిమంది ఎవరు?

క్యాంపు, మల్లట్ పోస్టు
17-6-1990

బుల్లెమ్మా,

అమ్మ దీవించి రాయునది. నీ ఉత్తరం శుక్రవారం అందింది. పోస్టు యంకప్ప సైకిలు దిగకుండానే "మంచి ఖబరే ఉంటదమ్మా, కవరు బరువుగున్నది" అన్నాడు. బరువుగా ఉంటే మంచి కబురని వాడికెవరు చెప్పారో. నాకు మంచి కబురంటేనే భయం.

రెండుసార్లు చదివాను. నీ మడమ మీద నల్లమచ్చ కోసి రెండేళ్లు నిండాయనీ, పరీక్షల్లో ఏమీ కనపడలేదనీ రాశావు. ఆపరేషన్ చేసిన రోజుల్లో ఆ డాక్టరు ఇలాంటి జబ్బున్న పదిమందిలో నలుగురే ఐదేళ్లు గట్టెక్కుతారన్నాడని, ఇప్పుడు ఆరుగురు అంటున్నాడని రాశావు. సంతోషించమన్నావు.

ఆ నలుగురి మాట నాకు ఈ రెండేళ్లలో ఎవరు చెప్పారు? మొదట ఆనెకాయ తీయించుకుందన్నారు. క్యాన్సరని మూడు నెలల తర్వాత అల్లుడుగారి నోట జారింది. నలుగురు అన్నప్పుడు దాచినవాళ్లు ఆరుగురు అనగానే ఉత్తరం రాశారు. అసలు కాలు అదే, జబ్బు అదే, డాక్టరూ అతనే. కొత్త మందేమీ ఇవ్వలేదని నువ్వే రాశావు. మందు లేకుండా నలుగురు ఆరుగురెలా అయ్యారు? ఆ పదిమంది ఎవరు? ఏ ఊళ్లవాళ్లు? పోయినవాళ్ల పేర్లు ఆ డాక్టరు దగ్గర ఉన్నాయా?

మీ అన్నయ్య బాబ్జీ కడుపులో గడ్డతో హైదరాబాదు ఆసుపత్రిలో ఉన్నప్పుడు నాలుగు రోజులకొక కార్డు వచ్చేది. జావ తాగాడు. రంగు తేలాడు. నవ్వాడు. చివరి కార్డులో వచ్చే వారం ఇంటికి తీసుకొస్తున్నాం అని ఉంది. తీసుకొచ్చారు. వ్యానులో ఎలా తీసుకొచ్చారో నీకూ తెలుసు. మీ నాన్నకు తెలుసు, నీకు తెలుసు, డాక్టర్లకు తెలుసు. తెలియనిది నాకూ వాడికీ. అయిదేళ్లయింది. ఇప్పటికీ ఎవరైనా బాగానే ఉంది అంటే ఆ వ్యాను చప్పుడు వినిపిస్తుంది.

దసరాకు పిల్లని తీసుకెళతానన్నావు. వద్దు. పోయినసారి నువ్వు వచ్చి వెళ్లాక శ్రావ్య మూడు రోజులు గడపలోనే కూర్చుంది. ఎనిమిది నెలల పసికందుని నా చేతిలో పెట్టి ఆసుపత్రికి వెళ్లావు. ఇప్పుడది నా దగ్గర కుదురుకుంది. నిజం ఏమిటో నాకు తేలేదాకా దాన్ని కదపను.

నీకు రెండు జాకెట్లు కుట్టిస్తాను. కొలతకి నువ్వు వాడే జాకెట్టు ఒకటి పంపు. పెసరట్టు పిండిలో అల్లం ఎక్కువ వెయ్యకు, నీకు వేడి.

మీ అమ్మ

శక్తినగర్
26-6-1990

అమ్మకు శ్యామల నమస్కరించి రాస్తున్నది.

నీ ఉత్తరం చదివి మీ అల్లుడుగారు నవ్వారు. నేను నవ్వలేదు. నువ్వు అడిగినవన్నీ నేనూ ఆ డాక్టరును అడిగాను. ఆయన మంచివాడు కానీ మాట కటువు. "నలుగురని మీరే కదండీ అన్నారు, మరి ఇప్పుడు?" అన్నాను.

ఆయన చేతి వేళ్లు పదీ చాచి బల్ల మీద పెట్టాడు. "మొదటి రోజు మీరు ఈ పదిలో ఒకరు. ఈ జబ్బు తిరగబెడితే ఎక్కువగా మొదటి రెండు మూడేళ్లలోనే తిరగబెడుతుంది" అంటూ కొన్ని వేళ్లు ముడిచాడు. "మీరు ముడిచిన వేళ్లలో లేరు. లేనప్పుడు మిమ్మల్ని వాళ్లతో కలిపి ఎందుకు లెక్కపెట్టాలి? మీలాగా రెండేళ్లు దాటిన పదిమందిని కొత్తగా నిలబెట్టి, ఇక్కణ్ణుంచి ఐదేళ్లు లెక్కపెడితే ఆరుగురు" అన్నాడు. మందు వల్ల కాదమ్మా. గడిచిన రోజుల వల్ల. ఇంకా గడిస్తే ఇంకా పెరుగుతుందట. వాళ్ల పేర్లు ఆయనకు తెలియవు. ఎన్నో ఊళ్ల ఆసుపత్రుల్లో రాసిపెట్టుకున్న లెక్కలవి.

మీ అల్లుడుగారు నీకు ఒక మాట చెప్పమన్నారు. "పవర్‌హౌస్ కంట్రోలు రూములో అయిదేళ్లుగా మీటర్లు చూడడమే నా పని. ముల్లు కిందికి పడితే నమ్మి, పైకి లేస్తే నమ్మనంటే యూనిట్ నడవదండీ అత్తయ్యగారూ" అన్నారు.

జాకెట్టు పంపుతున్నాను. నీలిది. మడమ మీద తొడ చర్మం వేసిన చోట ఇంకా కొంచెం బిర్రుగా ఉంటుంది కానీ కాలనీ చివర కూరల అంగడిదాకా నడిచి వెళ్లి వస్తున్నాను. శ్రావ్య గడపలో కూర్చుందని రాశావు. అది చదివాక నేనూ ఈ గడపలో కూర్చున్నాను. దసరాకు వద్దంటే దీపావళికి వస్తాను. నా బిడ్డని నాకు ఇవ్వు.

నీ శ్యామల

క్యాంపు
15-7-1990

బుల్లెమ్మా,

అల్లుడుగారి మీటరు మాట చదివాను. ఆయనకు నా మాటగా ఇది చెప్పు. మన పిల్లకాలువ మీద తొమ్మిదో మైలు దగ్గర నీళ్ల ఎత్తు కొలిచే గేజీ రాయి ఉంది. పోయినేడు కాలువ ఆఫీసువాళ్లు జీపులో వచ్చి, గేజీలో నీళ్లు అడుగు పెరిగాయని రాసుకుని, మీ నాన్న ఇచ్చిన మజ్జిగ తాగి వెళ్లారు. ఆ రోజు చివరి తూము దగ్గర మన మడి నెర్రెలు విచ్చి ఉంది. ఎలాగంటే, గేజీకి దిగువన, మనలాగే ఆంధ్రానుంచి వచ్చి కాలువ కింద పొలాలు చేసుకుంటున్న పైక్యాంపువాళ్లు రాళ్లు అడ్డం పెట్టారు. నీళ్లు అక్కడే ఆగి ఎత్తు లేచాయి. అంకె అబద్ధం కాదు. నీళ్లే మన దాకా రాలేదు. అందుకని అంకె పెరిగింది అంటే, ఎక్కడ ఏ రాయి అడ్డం పెట్టారా అని చూస్తాను నేను.

ఇక జాకెట్టు. నేను చదువుకున్నది మూడో తరగతే కానీ కుట్టు చదవగలను. చంకల దగ్గర రెండువైపులా రెండేసి వేళ్లు లోపలికి పట్టించి ఉంది. చేతులకీ పట్టించారు. బాబ్జీ చొక్కాలు కూడా ఇలాగే ఆసుపత్రిలో ఎవరిచేతో లోపలికి కుట్టించారు, నాకు కనపడకుండా. నలుగురు ఆరుగురైతే మనిషి ఎందుకు సగమైంది? కూరల అంగడిదాకా నడుస్తున్నావని రాశావు. ఎవరి చెయ్యి పట్టుకుని?

మీ నాన్నని అడిగితే "ఏంటే నీ గొడవ, బాగానే ఉందంటున్నారుగా" అన్నారు. ఆయన ఆ మాట అనకుండా ఉంటే బాగుండేది.

దీపావళికి వస్తే ఒక్క పూట ఉండి వెళ్లు. పిల్ల నిద్ర లేవకముందే బస్సెక్కు. కోపగించుకోకు. దాని మంచికే.

అమ్మ

శక్తినగర్
23-7-1990

అమ్మా,

ఆ జాకెట్టు ఆపరేషన్ అయిన ఏడాది మా పక్కింటి కృష్ణాబాయి నాకోసం లోపలికి పట్టించింది. అప్పుడు నిజంగానే చిక్కిపోయాను. ఇప్పుడది నాకు పట్టడం లేదు. పాతది పోతే పోనీ అని పంపాను. అంతే. నేను రాసే ప్రతి దానికీ రెండో అర్థం వెతికితే నేనేం రాయను?

శ్యామల

క్యాంపు
5-8-1990

బుల్లెమ్మా,

నీకు పట్టని జాకెట్టు కొలతకి ఎందుకు పంపావు? కొలత అడిగాను కదా. సరే, జాకెట్లు కుట్టించడం మానేశాను. గుడ్డ పంపుతున్నాను, అక్కడే కుట్టించుకో.

శ్రావ్యకు పళ్లు చక్కగా వచ్చాయి. దూడకి భయపడదు.

అమ్మ

శక్తినగర్
16-2-1992

అమ్మకు నమస్కారం.

ఇక్కడ అంతా క్షేమం. నా ఆరోగ్యం చాలా బాగుంది. ఆకలి బాగా వేస్తోంది. మొన్న అందరం కలిసి కృష్ణ ఒడ్డుకు వెళ్లాం, మీ అల్లుడుగారు చేపలవాళ్లతో బేరమాడి ఓడిపోయారు. కృష్ణాబాయి జొన్నరొట్టె నేర్పింది. నా రొట్టె చూసి "మ్యాపు గీసినవా ఏంది అక్కా, గిది ఏ జిల్లా?" అంది. శ్రావ్యకు ఉన్ని చొక్కా అల్లుతున్నాను. కొలత తెలియదు కాబట్టి పెద్దదే అల్లుతున్నాను. నువ్వు దేనికీ బెంగ పెట్టుకోకు.

నీ శ్యామల

క్యాంపు
1-3-1992

బుల్లెమ్మా,

ఏమైంది?

నీ రాత ఎప్పుడూ కుడివైపుకు ఎక్కుతుంది. మొన్నటి ఉత్తరం గీత గీసినట్టు తిన్నగా ఉంది. అంటే ఒక్కొక్క అక్షరం ఆగి ఆగి రాశావు. అందులో కాలి మాట లేదు. డాక్టరు మాట లేదు. పిల్లని ఇవ్వమని నన్ను తిట్టలేదు. ఆ దీపావళికి ఒక్క పూట ఉండి వెళ్లిన దగ్గర్నుంచి తిట్టని ఉత్తరం నువ్వు రాయలేదు. చేపలు, రొట్టె, ఉన్ని చొక్కా. ఫిబ్రవరిలో ఇక్కడ ఉన్ని చొక్కా ఎవరికి కావాలి?

నేను బస్సెక్కి వద్దామనుకున్నాను. వస్తే శ్రావ్యని తేవాలి. తెస్తే నిన్ను చూస్తుంది. చూశాక ఏదైనా అయితే దాన్ని నేను ఎలా ఓదార్చను? అందుకని ఆగాను. కోతలు కాగానే మీ నాన్నని కొత్త బియ్యం ఇచ్చే మిషతో పంపుతాను. ఆయన చూసి వచ్చి నాకు నిజం చెప్పరు. కానీ ఆయన అబద్ధం చెప్పేటప్పుడు తువ్వాలు దులుపుతారు. అది చాలు నాకు.

అమ్మ

శక్తినగర్
14-5-1992

అమ్మా,

నాన్న పోయిన వారం బియ్యం తెచ్చారు. రెండు రోజులున్నారు. మాటల్లో ఒక సంగతి చెప్పారు. చెప్పాక, అయ్యో అనుకుని మాట మార్చబోయారు కానీ నేను వదల్లేదు. శ్రావ్య నిన్ను అమ్మా అని పిలుస్తుందట. నన్ను బుల్లెమ్మ అంటుందట, నువ్వు అన్నట్టే. "అది నేర్చుకున్నదేలే, ఎవరూ నేర్పలేదు" అన్నారు. ఎవరూ దిద్దలేదు కూడా కదమ్మా. నేను రాసే ఉత్తరాలు దానికి చదివి వినిపించడం మానేసి రెండేళ్లయిందట.

నాకు ఎంత కోపం వచ్చిందంటే ఆ రోజు నాన్నతో మాట్లాడలేదు. తర్వాత ఆలోచించాను. నువ్వు నన్ను నమ్మకపోవడానికి కారణం నేనే. అందుకని ఇప్పుడు దాచకుండా రాస్తున్నాను.

అన్నయ్య ఆసుపత్రిలో ఉన్నప్పుడు వచ్చిన కార్డుల్లో సగం నేను రాసినవి. నాన్న చెప్పలేకపోతే నేనే రాశాను. "నవ్వాడు" అని రాసిన రోజు అన్నయ్యకు ఒంటి మీద స్పృహ లేదు.

ఆపరేషన్ అప్పుడు మడమ ఒక్కటే కాదు, జబ్బు గజ్జల్లో గ్రంథులదాకా పాకితే అవీ తీసేశారు. అందుకే పదిలో నలుగురు అన్నాడు. ఆ జబ్బు పేరు మెలనోమా. మొన్న మాఘమాసంలో అదే చోట మళ్లీ చిన్న గడ్డ చేతికి తగిలింది. కోసి పరీక్షకు పంపారు. జవాబు రావడానికి పద్నాలుగు రోజులు పట్టింది. నీకు ఆ తిన్నటి ఉత్తరం రాసింది ఆరో రోజున. చేపలు, రొట్టె, ఏదీ అబద్ధం కాదు. కానీ నేను మనిషిని కాను ఆ రోజు. ఉన్ని చొక్కా చేతులు ఊరికే ఉండలేక అల్లాను. పద్నాలుగో రోజు అది వట్టి కొవ్వు అని తేలింది.

ఈ నెలతో నాలుగేళ్లు నిండాయి. డాక్టరు ఇప్పుడు ఎనిమిదిమంది అన్నాడు. "మరి మిగిలిన ఇద్దరు?" అన్నాను. "వాళ్లూ ఉంటారు. వాళ్లు లేరని నేను ఎప్పటికీ చెప్పను" అన్నాడు. నేనూ చెప్పను. నేను ఆ ఇద్దరిలో ఉండొచ్చు. ఆరు నెలలకొకసారి పరీక్ష ఇంకా ఉంది. కొత్త మచ్చ ఏదైనా లేచిందా అని రోజూ ఒళ్లంతా చూసుకుంటాను, వీపు మీ అల్లుడుగారు చూస్తారు.

జూన్ ఒకటిన కాలనీ బడి తెరుస్తారు. శ్రావ్య పేరు రాయించాను. నువ్వు ఎందుకు అలా చేశావో నాకు తెలుసు. నేను పోయిన రోజున అది ఏడవకూడదని. అమ్మా, నేను పోతే నా బిడ్డ ఏడవనీ. నాకోసం ఏడ్చే హక్కు దానికి ఉంది. నేను బతికితే మాత్రం, తల్లి బతికి ఉండగానే తల్లి లేని పిల్లని చేసింది ఎవరని అది పెద్దయ్యాక అడుగుతుంది. అప్పుడు నేనేం చెప్పను?

పిల్లని పంపు. లేదా నేనే వస్తాను, దాన్ని తీసుకోకుండా కదలను.

శ్యామల

క్యాంపు
21-5-1992

బుల్లెమ్మా,

నీ ఉత్తరం చేతిలో పెట్టుకుని కూర్చుంటే మన చేలో పనిచేసే హుచ్చమ్మ కందులు చెరగడానికి వచ్చింది. "ఏందమ్మా, కాయితం పట్టుకుని గట్ల గూసున్నవ్, పొయ్యిమీద పాలు పొంగుతున్నయ్" అంది. పాలు దించి వచ్చి ఉన్నది ఉన్నట్టు చెప్పాను. ముందు నాలుగన్నాడు, తర్వాత ఆరన్నాడు, ఇప్పుడు ఎనిమిది అంటున్నాడు, ఏ లెక్క నమ్మమంటావే అన్నాను.

"మూడూ నమ్ము" అంది.

"మూడూ ఎట్లా నమ్ముతానే?"

"నేను తొమ్మిదిమందిని గన్న. మూడేండ్లు నిండేదాంక ఏ బిడ్డనూ నేను లెక్కల జెప్పలే. పురిట్ల పోయినోళ్లు పోయిరి, తట్టు పోసి పోయినోళ్లు పోయిరి. మూడేండ్లు దాటి వాకిట్ల ఉరికినోళ్లు ఐదుగురు. ఐదుగురూ ఉన్నరు. మా అమరేశప్ప పుట్టిన నాడు, వీడు బతుకుతడా అని మంత్రసానినడిగితే ఏమో తల్లీ అనె. వాడు మేకలెనక ఉరికేటప్పుడు అడిగితే ఏమంటది? నీకేమన్న పిచ్చి లేసిందా అంటది. మొదటి దినం మంత్రసాని అబద్ధం జెప్పిందా? నీ బిడ్డ గిప్పుడు ఉరుకుతున్నది గద."

"ఉరకడమెక్కడే, కుంటుతోంది."

"కుంటుకుంట ఉరుకుతది."

నాకు నవ్వు వచ్చింది. నాకూ, మీ అన్నయ్య తర్వాత నీకు ముందు, ఇద్దరు బిడ్డలు పురిట్లోనే పోయారు కదా. నీకు నాలుగో నెల దాకా పేరే పెట్టలేదు నేను. బుల్లెమ్మ అని పిలుచుకుంటూ రోజులు లెక్కపెట్టాను. ఈ లెక్క నాకు ఆ రోజుల్లోనే వచ్చు. డాక్టరు నోట విని పోల్చుకోలేకపోయాను.

కానీ ఒకటి అడిగాను దాన్ని. "మా బాబ్జీ కూడా ఉరికినవాడే కదే, హుచ్చమ్మా. ఇరవైనాలుగేళ్లు ఉరికాడు" అన్నాను. చేట ఆపింది. చాలాసేపు కందుల్లో రాళ్లు ఏరింది. "అవునమ్మా, ఉరికిండు" అంది. మళ్లీ చెరగడం మొదలుపెట్టింది. ఏదో ఒకటి చెప్పి నన్ను ఓదార్చి ఉంటే దాని మొదటి మాట కూడా నమ్మేదాన్ని కాదు.

నీ మాటా అంతే. నువ్వు ఎనిమిదిమంది అని మాత్రమే రాసి ఉంటే ఆ కాగితాన్ని పొయ్యిలో పెట్టేదాన్ని. గడ్డ సంగతి రాశావు, ఆ ఇద్దరి సంగతి రాశావు. అందుకని నమ్ముతున్నాను. కార్డులు నువ్వు రాశావని నాకు అప్పుడే తెలుసు. మీ నాన్న, "నవ్వాడు" అని రాసే మనిషి కాదు. తెలిసి కూడా రోజూ యంకప్ప కోసం ఎదురు చూశాను.

నీ బిడ్డ విషయంలో చేసింది తప్పే. ఇంకోసారి వ్యాను వచ్చి గుమ్మంలో ఆగితే దాన్ని ఎవరు ఎత్తుకుంటారు అని తప్ప నాకు ఇంకేమీ కనపడలేదు. నిన్న దాన్ని కూర్చోబెట్టి, శక్తినగర్‌లో ఉన్నది మీ అమ్మ అని చెప్పాను. "మరి నువ్వు?" అంది. నేను మీ అమ్మమ్మని అన్నాను. కాసేపు నా మొహం చూసి "సరే" అని దూడ దగ్గరికి వెళ్లిపోయింది. దానికి ఒక్క మాటతో అయిపోయింది. నాకు ఇంకా అవ్వలేదు. కొన్నాళ్లు నిన్ను బుల్లెమ్మా అనే పిలుస్తుంది. ఊరుకో. తిట్టకు.

సోమవారం పొద్దున్న బస్సుకు మీ నాన్న తీసుకొస్తారు. పెరుగన్నంలో ఉప్పు ఎక్కువ వెయ్యాలి. కుడివైపు తిరిగి పడుకుంటేనే నిద్రపోతుంది. పవర్‌హౌస్ కూత విని భయపడొచ్చు, అదేమిటో ముందే చెప్పు. నేను రావడం లేదు. నన్ను చూస్తే అది నీ దగ్గర కుదురుకోదు. ఈసారి గడపలో కూర్చునేది నేనే, నా సంగతి నేను చూసుకుంటాను.

నాకు అనుమానం పోయిందనుకోకు. అది ఇక పోదు. ఒక మాట మాత్రం ఉంచు. పరీక్షకు వెళ్లేది ఏ రోజో ముందే రాయి, వెళ్లి వచ్చాక కాదు. మంచి కబురు రాసినప్పుడు పక్కన చెడ్డది ఉంటే అదీ రాయి. వంకరగా రాసినా ఫరవాలేదు.

పిల్లకు పెట్టి మిగిలింది తినడం మొదలుపెడతావు, నీ సంగతి నాకు తెలుసు. అలా వద్దు. నువ్వూ దాని పక్కన కంచం పెట్టుకుని, వేళకు కడుపునిండా అన్నం తిను.

అమ్మ